చెవి వెనక పుట్టమన్ను

మా పండుకి ఇప్పుడు బాగానే ఉంది. ముందు ఆ మాట చెప్పేస్తే చదివేవాళ్ళ గుండె దడ కాస్త తగ్గుతుంది. నాకు మాత్రం చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, పెళ్ళిలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు, ఆటోలో ఎదురు సీటువాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న. "మీ పాపకి మెదడుకి జ్వరం ఎక్కేసిందంట కదండీ, ఏంటండి అసలు?" అని. ఒక్కసారి కూర్చుని రాసి పడేస్తే అడిగినవాళ్ళకి ఇదే చూపించవచ్చు. ఇంకో తల్లికి పనికొస్తుందని ఒక ఆశ, నా మనసు కుదుటపడుతుందని ఇంకో ఆశ.

మాది రాజోలు దగ్గర పల్లె. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఉండేది నేను, మా అత్తయ్యగారు, మూడో తరగతి చదివే మా అమ్మాయి. బళ్ళో దాని పేరు హాసిని. ఇంట్లో పండు తప్ప వేరే పిలుపు లేదు. నేను ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. తెల్లారితే నేను మిషను దగ్గర, పిల్ల అత్తయ్యగారి దగ్గర. నూనె రాయడం, చిక్కు తీయడం, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టడం అంతా ఆవిడే. ఆ తల జోలికి నన్ను రానిచ్చేవారు కాదు. "నువ్వు గుడ్డముక్కని లాగినట్టు లాగేత్తావే అమ్మాయ్, దానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చేత్తాయి" అనేవారు. నాకూ ఒక పని తప్పింది కదా అని ఊరుకునేదాన్ని.

నాగుల చవితి

మా పుట్ట కొబ్బరితోట చివర, బోదె కాలవ గట్టు మీద ఉంటుంది. పక్కనే ఒలిచిన కొబ్బరి డొక్కల రాశి. ఆ ఏడాది వానలు ఆలస్యంగా పడి గడ్డి మోకాలెత్తు పెరిగింది. పుట్టలో పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి పెట్టి దండం పెట్టుకున్నాం. పిల్లలు దీపావళి నాడు కాల్చకుండా దాచుకున్న చిచ్చుబుడ్లు, మతాబులు అక్కడ కాల్చారు. పండు డొక్కల రాశి ఎక్కి జారింది, గడ్డిలో పడి పొర్లింది, చీరేస్తానన్నా ఇంటికి రానంది.

చివర్లో అందరి చెవులకీ పుట్టమన్ను రాయడం మాకు ఆనవాయితీ. అది రాస్తే ఏడాదంతా చెవిపోటు రాదని, చీము పట్టదని పెద్దల నమ్మకం. అత్తయ్యగారు నాకూ రాశారు, పండుకి ఇంకాస్త ఎక్కువే రాశారు. మిగిలిన మన్ను ఆకులో పొట్లం కట్టి తెచ్చి దేవుడి గూట్లో పెట్టారు.

వారం తిరిగిందో లేదో, ఓ పొద్దున్న జడ వేస్తూ ఆవిడే చూశారు. "అమ్మాయ్, దీని చెవెనకాల నల్లగా పెచ్చు కట్టిందే. మొన్న నిప్పురవ్వ పడుంటది" అన్నారు. నేను మిషను మీద నుంచే మెడ సాచి చూశాను. ఎడమ చెవి వెనక, జుట్టు మొదట్లో, చిన్న నల్లటి పెచ్చు. చుట్టూ కొంచెం ఎరుపు. సిగరెట్టుతో కాల్చినట్టుంది.

"నొప్పెడతందా?" అన్నాను.

"లేదమ్మా."

నొప్పి లేదంటే నాకు నిశ్చింత అయిపోయింది. అసలు గుర్తే అదని, ఆ పెచ్చు నొప్పి పెట్టదని, అందుకే ఎవరూ పట్టించుకోరని తరవాత తెలిసింది. అత్తయ్యగారు దేవుడి గూట్లోని పుట్టమన్ను తీసి, నాలుగు చుక్కల నీళ్ళతో తడిపి దాని మీద పట్టు వేశారు. మర్నాడూ వేశారు. ఆ తర్వాత రోజూ జడతో పాటు అదీ ఒక పని అయిపోయింది.

పౌర్ణమి దాటాక

కార్తీక పౌర్ణమి నాడు దీపాలు పెట్టేటప్పటికే ఒళ్ళు వెచ్చగా ఉంది. చన్నీళ్ళ స్నానం పడలేదనుకున్నాం. ఊళ్ళో డాక్టరుగారు మందిచ్చారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎక్కేది. అమలాపురం తీసుకెళ్ళాం. రక్తం తీసి చూశారు, డెంగ్యూ కాదన్నారు, టైఫాయిడ్ కాదన్నారు. ఆ సీజన్లో ఆ హాలు చూడాలి. బెంచీల మీద చోటు లేక గోడవారన న్యూస్ పేపర్లు పరుచుకుని కూర్చున్న తల్లులు, ఒళ్ళో వేలాడిపోతున్న పిల్లలు. ఇంతమందికీ ఇదే జ్వరం, మాకు మాత్రం ప్రత్యేకంగా ఏముంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ అమలాపురం డాక్టరుగారిని ఇప్పటికీ నేను ఒక్క మాట అనను. బిగించి జడ వేసి, చెవి మీద మట్టి పూసి తీసుకెళ్తే ఆయనకు మాత్రం ఏం కనపడుతుంది?

తర్వాత తలనొప్పి మొదలైంది. వెలుతురు చూడలేనని తలుపు వెయ్యమనేది. తాగిన గంజి తాగినట్టే కక్కేసేది. ఒక మధ్యాహ్నం నేను తడిగుడ్డ వేస్తుంటే కళ్ళు తెరిచి నా మొహం వంక చూసి, "పిన్నీ, మా అమ్మేది?" అంది.

మిషను మీద సగం కుట్టిన జాకెట్ అలాగే ఉంది, సూది దిగబడే ఉంది. కారు మాట్లాడుకుని మళ్ళీ అమలాపురం వెళ్తే, చూసీ చూడగానే డాక్టరుగారు "కాకినాడ తీసుకెళ్ళిపోండమ్మా, ఇక్కడ ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు. ఎదుర్లంక బ్రిడ్జి మీద కారు పోతుంటే కింద గోదావరి నిండుగా ఉంది. అత్తయ్యగారు చేతులెత్తి, "వాడపల్లి వెంకన్నా, ఏడు శనివారాలు నీ గుడి చుట్టూ తిరుగుతాను, నా పిల్లని నాకిచ్చెయ్యి తండ్రీ" అని పైకే మొక్కేశారు.

కాకినాడ

పిల్లల వార్డు బయట వరండాలో కూర్చుంటే కాలం జరగదు. ఫ్యాను తిరుగుతుంది కానీ గాలి రాదు. పేరు పిలిస్తే పరిగెత్తాలి, పిలవకపోతే భయం, పిలిస్తే ఇంకా భయం. మా పక్కన ఓడలరేవు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవారు. సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే మనిషి. వాళ్ళ బాబుకి ఫిట్స్. ఆయన బాధ ఆయనకుంది, అయినా స్కానింగుకి నా బదులు లైన్లో నిలబడేవారు. పొద్దున్నే టిఫిన్ తెచ్చి, "ఆయ్, తినండమ్మా. మీరు పడిపోతే పిల్లనెవరు చూత్తారు?" అని చేతిలో పెట్టేవారు. ఆయన పేరు అడగాలని కూడా నాకు తట్టలేదు.

నడుములో సూది గుచ్చి నీరు తీసి చూడాలన్నారు. అత్తయ్యగారు అడ్డం పడ్డారు. "నడుం పడిపోద్దంటమ్మా, ఆడపిల్ల, వద్దు." నేను సంతకం పెట్టేశాను. ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. కానీ ఏం చెయ్యను, ఎవరో ఒకరు పెట్టాలి కదా.

ఆ మధ్యాహ్నం రౌండ్సుకి వచ్చిన డాక్టరమ్మ చిన్నపిల్ల. నా చెల్లెలి వయసుంటుంది. వచ్చీ రాగానే పండు గౌను విప్పించి కాలిగోళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టింది. చంకలు, నడుము చుట్టూ మొలతాడు కింద, గజ్జలు, మెడ అన్నీ చూసింది. తర్వాత రిబ్బన్లు విప్పి జడలు విప్పింది. చెవి వెనక వేలు ఆగిపోయింది.

"ఏంటండి ఇది? మట్టా?"

"పుట్టమన్నండి," అన్నారు అత్తయ్యగారు. "నిప్పురవ్వ పడి కాలిందండి, పట్టేసేను."

డాక్టరమ్మ తడి దూదితో మెల్లగా తుడిచింది. మన్ను కరిగి కిందికి కారింది. దాని అడుగున నల్ల పెచ్చు బయటపడింది. మేము చూసినప్పటి కంటే పెద్దదైంది.

"ఇది కాలిన మచ్చ కాదండి. పురుగు కుట్టింది. కంటికి ఆనదు, అంత చిన్నది. గడ్డిలో, పొదల్లో, ఎలకలు తిరిగే చోట ఉంటది. స్క్రబ్ టైఫస్ అంటారు. ఆ జ్వరమే మెదడుకి పాకింది. రక్తపరీక్షకి పంపుతాం, కానీ ఆ రిపోర్టు కోసం ఆగను."

"మందుందా అమ్మా?" అన్నాను.

"ఉందండి. పాత మందే, మంచి మందే. ఇప్పుడే మొదలెట్టేత్తాం."

ఉందన్న ఒక్క మాటకి నేను కూలబడి ఏడ్చేశాను. అప్పటిదాకా ఏడవడానికి కూడా ధైర్యం చాలలేదు.

మందు పేరు మా ఆయనకి మెసేజ్ పెట్టాను. సెలైన్ స్టాండుకి సీసా తగిలించేలోపే ఆయన ఫోను. కువైట్‌లో తన రూములో ఎవరో చెప్పారట, ఆ మందు పిల్లలకి వాడితే పళ్ళు పచ్చబడిపోతాయని. "ఆడపిల్లే, రేపు పెళ్ళి చెయ్యాలా వద్దా? వేరే మందు లేదా అని అడుగు" అని ఒకటే గోల. సముద్రం అవతల కూర్చున్న మనిషి, ఏమీ చెయ్యలేక అన్నింటికీ అరుస్తున్నాడని నాకు తెలుసు. అయినా ఒళ్ళు మండింది. ఫోను డాక్టరమ్మకి ఇచ్చేశాను. ఆవిడ చాలా ఓపిగ్గా చెప్పింది. "నెలల తరబడి వాడితే ఆ భయం సార్. ఈ కొద్ది రోజుల కోర్సుకి పళ్ళకేం కాదండి. ఈ జబ్బుకి ముందు ఇవ్వాల్సింది ఇదే. లేటయితే పళ్ళ గురించి మాట్లాడుకోడానికి పిల్ల ఉండదు సార్."

కాసేపటికి మళ్ళీ చేశాడు. ఈసారి మట్టి సంగతి నేను చెప్పాను. స్పీకరులో ఉందన్న సంగతి మరిచిపోయాను. "అమ్మ చాదస్తం నా పిల్ల ప్రాణం మీదకి తెచ్చింది" అన్నాడు. అత్తయ్యగారు పక్క బల్ల మీదే ఉన్నారు. కొంగు నోట్లో కుక్కుకున్నారు. కాదండీ, అలా అనకండి అని నేను అనాల్సింది. ఓపిక లేక కళ్ళు మూసుకున్నాను.

వార్డులో సిస్టరుగారొకరు ఉండేవారు. కొత్తపేట ఆవిడ, మెడలో చిన్న శిలువ. ఆవిడే అత్తయ్యగారిని రెక్క పట్టుకుని లేపారు. "మామ్మగారూ, మట్టి వల్ల జబ్బు రాలేదండి. పురుగు వల్ల వచ్చింది. మట్టి పెచ్చుని కప్పేసిందంతే. రండి, రెండు ముద్దలు తిందురు గాని. నేను మీ పిల్ల కోసం ప్రార్థన చేసుకుంటున్నాను, మీరు మీ వెంకన్నని అడగండి, ఎవరో ఒకరు వింటారు" అన్నారు. అత్తయ్యగారు తల ఊపారు, వెళ్ళారు, తిన్నారు. నమ్మారో లేదో తెలియదు.

మందు ఎక్కిన మూడో పూటకి ఒళ్ళు చల్లబడింది. మర్నాటికి పండు నన్ను గుర్తుపట్టింది. ఇడ్లీ అడిగింది. వార్డంతా మా మంచం చుట్టూ చేరి నవ్వారు. ఓడలరేవు ఆయన వాళ్ళ బాబుని ఎత్తుకుని వచ్చి చూపించారు.

ఆ సంతోషం ఒక్క పూటే. పిలిస్తే పలకదు. ఇటు తిరగవే అంటే తిరగదు. సూదులు పొడిపించినందుకు అలిగిందనుకున్నాను. తట్టి పిలిచాను. నా నోటి వంక చూసి, "అమ్మా, గట్టిగా మాట్లాడు, ఏం వినపడట్లేదు" అంది, అరుస్తూ. అది అంత గట్టిగా అరుస్తోందని దానికి తెలియదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఈ జ్వరం చెవి నరాన్ని కూడా పట్టుకుంటుందట. డాక్టరమ్మ దాచలేదు. "చాలామందికి తిరిగొచ్చేత్తది అమ్మా. మందు మాత్రం పూర్తిగా వాడండి. అందరికీ వస్తదని మాత్రం నేను మాటివ్వలేను."

చెవులు బాగుండాలని రాసిన మన్ను. ఆ మాట అత్తయ్యగారు అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరి మధ్యా అది అలాగే కూర్చుంది.

పోలి పాడ్యమి

ఇంటికొచ్చేసరికి కార్తీకం అయిపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదులుతున్నారు. మేము వెళ్ళలేదు. బిళ్ళలు ఇంకా మిగిలి ఉన్నాయి. పాలతో ఇవ్వకూడదు, మింగాక వెంటనే పడుకోనివ్వకూడదు, నిండా నీళ్ళు తాగించాలి. చేదుకి ఉమ్మేస్తుంటే అత్తయ్యగారు చక్కెరకేళి అరటిపండు ముక్కలో దాచి పెట్టేవారు. జ్వరం లేదు కదా ఇంకెందుకు అని చుట్టాలు చెప్పారు. వాళ్ళ మాట వినలేదు. మీరూ వినకండి.

అత్తయ్యగారు పిల్లకి అన్నీ చేసేవారు, ఒక్క తల మాత్రం ముట్టుకునేవారు కాదు. దువ్వెన తీసుకుని పండు వెళ్తే, "మీ అమ్మ దగ్గరికెళ్ళు" అని చెయ్యి చూపించేవారు. నేను వేసేదాన్ని. అది లాగుతోందని ఏడ్చేది. మా ఆయన ఫోను చేస్తే ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయేవారు. "అమ్మకివ్వు" అంటే నేను "పనిలో ఉన్నారు" అనేదాన్ని. ఎన్ని పనులని చెప్పను? శనివారం వస్తే తెల్లారగట్ల బస్సెక్కి వాడపల్లి వెళ్ళొచ్చేవారు. ఆ ఒక్కటే ఆవిడ ఇల్లు కదలడం.

ధనుర్మాసంలో ఒక రోజు కుక్కరు కూత వేస్తే పండు ఉలిక్కిపడింది. కుడి చెవి వచ్చింది. నేను వీధిలోకి పరిగెత్తి కనపడినవాళ్ళందరికీ చెప్పాను. ఎడమది మాత్రం రాలేదు. అమలాపురంలో చెవి పరీక్ష చేసి, కొంచెం ఉంది, ఇంకా టైము ఇవ్వండి, చూద్దాం అన్నారు. చూద్దాం అన్న మాట నాకు పడదు. కుడి చెవి మూసి ఎడమవైపు నుంచి గుసగుసగా పిలిచి చూసేదాన్ని, పొద్దున, సాయంత్రం, అన్నం పెడుతూ, నీళ్ళు పోస్తూ. పలికితే నా ప్రాణం లేచొచ్చేది. చివరికి అదే విసుక్కుంది. "నాకేం వినపడట్లేదమ్మా. నువ్వు పిలుత్తావని తెలుసు కదా, అందుకే పలుకుతున్నాను." అంటే ఇన్నాళ్ళూ నన్ను ఓదారుస్తోంది. ఆ రోజు నుంచి పరీక్షలు మానేశాను. దేవుణ్ణి అడగడం కూడా మానేశాను, అలిసిపోయాను.

మాఘం

అత్తయ్యగారు ఏడో శనివారం కూడా తిరిగొచ్చేశారు. మొక్కు తీరింది, పిల్ల ఎడమ చెవి అలాగే ఉంది. మర్నాడు వీధి వసారాలో గోడకి చేరగిలబడి కూర్చున్నారు. నేను లోపల గుమ్మం పక్కన మిషను మీద ఉన్నాను. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న పేలు పండు తలలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎన్ని షాంపూలు పెట్టినా చావలేదు.

పండు ఈసారి దువ్వెన ఒక్కటే తేలేదు. పేల దువ్వెన, నూనె గిన్నె, దిండు కూడా తెచ్చింది. దిండు మామ్మ ఒళ్ళో పెట్టేసి, అడగకుండా తల వాల్చేసింది. "అమ్మ గీకేత్తంది మామ్మా. నువ్వే చూడు." కుడి చెవి దిండులో కూరుకుపోయింది. మొహం వీధి వైపు తిరిగి ఉంది.

అత్తయ్యగారి చేతులు కాసేపు గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత మెల్లగా పాయ తీశారు. మొదట నడినెత్తిన, తర్వాత వెనకాల. నేను తల ఎత్తకుండా చూస్తున్నాను. వేళ్ళు చెవి వెనక్కి వచ్చి ఆగాయి. అక్కడ పెచ్చు ఊడిపోయి, శనగబద్దంత తెల్లటి మచ్చ మిగిలింది, దాని మీద జుట్టు మొలవలేదు. ఆవిడ దాన్ని బొటనవేలితో నిమిరారు. నిమురుతూ, వినపడదు కదా అన్న ధీమాతో, గొణుక్కున్నారు.

"ఈ మచ్చ నాది తల్లీ. నా చేతిదే."

"నీది కాదు మామ్మా, పురుగుది," అంది పండు.

నా కాలు మిషను తొక్కు మీద ఆగిపోయింది. అత్తయ్యగారు నా వంక చూశారు, నేను ఆవిడ వంక చూశాను. పండు తల ఎత్తలేదు, వీధిలో పోతున్న మేకపిల్లని చూస్తోంది.

"ఏమన్నావే?" అన్నారు ఆవిడ, ఇంకా మెల్లగా.

"పురుగుదీ అన్నాను. డాక్టరమ్మ చెప్పిందంట కదా. నీకు చెముడా ఏంటి మామ్మా?"

అత్తయ్యగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భోరుమన్నారు. నేను లేచి వెళ్ళి ఫోను చేసి, మా ఆయన హలో అనేలోపే, "మీ అమ్మగారితో మాట్లాడండి" అని ఆవిడ చేతిలో పెట్టాను. ఆయన ఏమన్నాడో నేను వినలేదు. ఆవిడ మాత్రం "ఆయ్... ఆయ్ నాన్నా... వినపడిందిరా" అంటూనే ఉన్నారు. తర్వాత కళ్ళు తుడుచుకుని జడలు వేశారు. కళ్ళు మళ్ళీ మళ్ళీ నిండి పాపిడి వంకరగా వచ్చింది. ఆ వంకర పాపిడితోనే మర్నాడు పండుని బడికి పంపించాను.